తెర మీది ఎడమచెయ్యి

డాక్టరు రోజూ నడవమన్నాడు గాని ఎక్కడికి నడవాలో చెప్పలేదు. చేపల బజారులో నలభై ఏళ్ళు కొట్టు నడిపి అల్లుడికి అప్పగించిన టిజానీ, మొదటి వారమంతా అలవాటు కొద్దీ బజారుకే నడిచాడు. అక్కడ నిలబడి చేప ఎలా చీల్చాలో, బేరమాడేవాళ్ళకు ఏం జవాబు చెప్పాలో అల్లుడికి నేర్పబోయి, "మామా, డాక్టరు మిమ్మల్ని నడవమన్నాడు, నిలబడమనలేదు" అనిపించుకున్నాడు. ఎనిమిదో రోజున మొహం ఓడరేవు వైపు తిప్పాడు.

ట్యునీషియాలోని ఆ స్ఫాక్స్ ఊరి ఓడరేవు దగ్గర పాత ఆలివ్ నూనె గిడ్డంగి ఒకదాన్ని బాగుచేసి సైన్స్ మ్యూజియం పెట్టారు. లోపల చల్లగా ఉంటుంది. పింఛను కార్డు చూపిస్తే టిక్కెట్టు అడగరు. శనివారం మూడు గంటలకు సినిమా కూడా వేస్తారు. ఆ సినిమా కోసం టిజానీ ముందు వరుసలో, దారి పక్క కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టి రెండేళ్ళయింది.

ఆ సినిమాల్లో హీరోలుండరు, పెళ్ళిళ్ళుండవు. ఒకవారం ఉప్పునీళ్ళు ఎండి గళ్ళు కట్టడం పదిహేను నిమిషాలు చూపించారు. ఇంకోవారం ఒక నాట్యకత్తె నీడ, దీపం జరిగినకొద్దీ గోడ మీద పెరగడం, తరగడం. మరోవారం సిరాచుక్క గ్లాసు నీళ్ళలో దిగడం. వీటిని వెతికి తెచ్చి వేసేది దలెందా. ముప్పై దాటిన అమ్మాయి, జుట్టు నెత్తిన ముడేసి అందులో పెన్సిలు గుచ్చుకుంటుంది, తర్వాత ఆ పెన్సిలు కోసం బల్లలన్నీ వెతుక్కుంటుంది. బొమ్మలు వేసేవాళ్ళూ శాస్త్రం చదివేవాళ్ళూ చేసే పని ఒకటేనని ఆమె గట్టి నమ్మకం. ఇద్దరూ ఒక వస్తువు ముందు కూర్చుని విసుగు లేకుండా చూస్తారట. అందుకే సినిమా అయ్యాక దీపాలు వెలిగించి, "ఎలా ఉంది?" అని ఆమె ఎప్పుడూ అడగదు. "ఏం చూశారు?" అంటుంది. చూసినదే చెప్పాలి, అనుకున్నది చెబితే ఒప్పుకోదు. హాలు చివర పొడుగాటి బల్ల మీద భూతద్దాలు, నీళ్ళ తొట్టెలు, తక్కెడలు ఉంటాయి. ఎవరికైనా అనుమానం వస్తే అందరూ లేచి ఆ బల్ల దగ్గరికి నడవాల్సిందే.

టిజానీకి ఈ పద్ధతి బాగా నచ్చింది. జీవితమంతా కొనేవాళ్ళకు చేప మొప్పలు ఎత్తి చూపించి "చూసుకో, చూసి మాట్లాడు" అన్నవాడు మరి.

అతని పక్క కుర్చీలో షెద్లియా కూర్చుంటుంది. టిజానీ పెదనాన్న కూతురు, అతనికన్నా రెండు నెలలు పెద్ద, అదే వీధిలో ఉంటుంది. హాల్లోకి తిండి తేకూడదని గుమ్మం మీద రాసి ఉన్నా, కప్పుకున్న తెల్ల సఫ్సారీ కింద బుట్ట లేకుండా ఆమె ఏనాడూ రాలేదు. సినిమా నడుస్తుండగా ఖర్జూరం పెట్టి చేసిన తియ్యటి మక్రూద్‌లు వరుసలో చేతులు మారుతాయి. దలెందా వరకూ వస్తాయి. దలెందా గుమ్మం మీది రాతను గుర్తు చేస్తూనే ఒకటి నోట్లో వేసుకుంటుంది.

ఆ ఏడు వసంతంలో ఒక శనివారం, కాకి రెక్క మీద సినిమా అయిపోయాక దలెందా ఒక తుప్పు పట్టిన డబ్బా ఎత్తి చూపించింది.

"వచ్చే వారం దీన్ని వేస్తాను. మూతబడ్డ ఒక ఫిల్మ్ క్లబ్ సామాన్లలో దొరికింది. ఎవరు తీశారో తెలీదు. మాటల్లేవు, అక్షరాల్లేవు. పదకొండు నిమిషాలు ఉంటుంది. డబ్బా మీద పెన్సిలుతో 'కెర్కెన్నా, ఆక్టోపస్ వేట, 1957' అని మాత్రం రాసుంది."

షెద్లియా లేచి నిలబడింది. "అది మా నాన్న సినిమా" అంది.

టిజానీ కూడా లేచాడు. "అది మా నాన్న సినిమా" అన్నాడు.

హాల్లో నవ్వులు లేచాయి. నవ్వనివాళ్ళు వాళ్ళిద్దరే.

విషయం ఏమిటంటే, వాళ్ళ నాన్నలు కవలలు. మబ్రూక్, ఖలీఫా. ఇద్దరిదీ ఒకటే ముక్కు, ఒకటే గడ్డం, ఒకటే నడక. పావుగంట ముందు పుట్టిన మబ్రూక్ షెద్లియా తండ్రి, వెనక పుట్టిన ఖలీఫా టిజానీ తండ్రి. దూరం నుంచి చూస్తే పెళ్ళాలు కూడా పోల్చుకోలేకపోయేవాళ్ళట. పని మొదలుపెడితే మాత్రం తెలిసిపోయేది. మబ్రూక్‌ది కుడిచేతి వాటం. ఖలీఫా అన్నం మాత్రం కుడిచేత్తో తిని, తాడు లాగినా కత్తి పట్టినా ఎడమచేత్తోనే పట్టేవాడు.

ఆ రోజుల్లో ఒక పరదేశి సినిమాపెట్టె మోసుకుని వాళ్ళ కెర్కెన్నా ద్వీపానికి వచ్చి, పడవ ఎక్కి, రెండు రోజులు వేట తీసుకుని వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ బహుమతిగా ఒక సార్డీన్ చేపల డబ్బా ఇచ్చాడు. చేపలు పట్టేవాడికి డబ్బాలో చేపలు ఇచ్చిన ఆ పెద్దమనిషిని తలుచుకుని ద్వీపమంతా కొన్నేళ్ళు నవ్వుకుంది. అయితే ఆయన సినిమా తీసింది అన్ననా, తమ్ముడినా? షెద్లియాకు వాళ్ళమ్మ మబ్రూక్‌నని చెప్పింది. టిజానీకి వాళ్ళమ్మ ఖలీఫానని చెప్పింది.

"డబ్బా మా ఇంట్లోనే ఉంది, మా అమ్మ అందులో గుండీలు దాచుకునేది" అంది షెద్లియా హాలు బయట.

"ఉంటుంది, ఎందుకుండదు. మా ఇంట్లోంచి పోయింది మరి" అన్నాడు టిజానీ.

"దొంగతనం అంటగట్టావూ మా అమ్మకి? పైలోకంలో ఆవిడ వింటోంది జాగ్రత్త."

"వింటే మంచిదే, డబ్బా తిరిగిచ్చేయమని కలలో కనపడి నీకు చెబుతుంది."

ఇలా మాటలు విసురుకున్నాడు గాని, ఆ వారం టిజానీకి అన్నం సరిగ్గా సయించలేదు. షెద్లియాకి పోటీ ఒక ముచ్చట. తండ్రి ముసలివాడయ్యేదాకా ఉన్నాడు, గోడ మీద ఫోటో ఉంది. ఖలీఫా జ్వరం వచ్చి పోయేనాటికి టిజానీకి ఐదేళ్ళు. ఒక్క ఫోటో కూడా లేదు. "ఫోటో ఎందుకురా, మీ పెదనాన్నని చూడు, అదే మొహం" అనేవాళ్ళు ఇంట్లో. అదే మొహం నిజమే. టిజానీ డెబ్భై ఏళ్ళు వచ్చేదాకా ఆ మొహంలో వేరే మొహాన్ని వెతుక్కుంటూనే ఉన్నాడు.

శనివారం హాలు నిండిపోయింది. కెర్కెన్నా నుంచి వచ్చి స్ఫాక్స్‌లో స్థిరపడ్డవాళ్ళందరికీ షెద్లియా కబురు పెట్టినట్టుంది. దలెందా పాత ప్రొజెక్టర్‌ని హాలు మధ్యలోనే పెట్టి రీలు ఎక్కించింది. అది కుట్టుమిషన్‌లా టకటకలాడుతూ మొదలైంది.

తెర నిండా నీళ్ళు. ఒడ్డు ఎక్కడా కనపడదు. పడవ అంచు మీద ఒక ముప్పై ఏళ్ళ మనిషి వంగి నీళ్ళలోకి చూస్తున్నాడు. తల తిప్పాడు. హాల్లో ముసలివాళ్ళందరి నోటా ఒకేసారి "హా" అని వచ్చింది. ఆ ముక్కు, ఆ గడ్డం.

మనిషి తాడు అందుకున్నాడు. ఎడమచేత్తో.

టిజానీ కుర్చీ అంచుకి జరిగాడు. తాడు పైకి వస్తోంది, ఎడమచెయ్యి ముందు, కుడిచెయ్యి వెనక. నోరు చిన్న మట్టికుండ పైకి తేలింది. మనిషి కుండ అడుగున రెండుసార్లు తట్టి వంచాడు. ఆక్టోపస్ బయటికి జారి చేతికి చుట్టుకుంది. ఎడమచేతికి. దాన్ని విదిలించి పడవలో పడేశాడు, కెమెరా వైపు చూసి నవ్వాడు. ముందు పళ్ళ మధ్య సందు. పదకొండు నిమిషాల్లో ఆ చెయ్యి ఇరవైసార్లు తాడు లాగింది, కత్తి పట్టింది, నుదుటి చెమట తుడిచింది. అన్నిసార్లూ ఎడమచెయ్యే.

దీపాలు వెలిగాయి. "ఏం చూశారు?" అంది దలెందా.

"మా నాన్నని" అన్నాడు టిజానీ. వెనకనుంచి ఎవరో భుజం తట్టారు. ఎవరో వచ్చి నెత్తి మీద ముద్దు పెట్టారు. కళ్ళు తుడుచుకుని, "పాత గిడ్డంగి కదా, దుమ్ము" అన్నాడు.

షెద్లియా "ఆ రోజు మా నాన్నకి కుడిచెయ్యి బెణికిందేమో" అంది. అంటూనే అది తనకే అతకలేదని మొహంలో తెలిసింది. బుట్ట తీసుకుని లేచి వెళ్ళిపోయింది. ఆ రోజు బుట్ట మూత తియ్యనేలేదు.

ఆ తర్వాతి వారం టిజానీ నడిచినంత దూరం ఎప్పుడూ నడవలేదు. కాఫీ కొట్టులో చెప్పాడు, మంగలి దగ్గర చెప్పాడు, బజారుకు వెళ్ళి అల్లుడికి, పక్క కొట్లవాళ్ళకి, ఐసు గడ్డలు మోసేవాళ్ళకి కూడా చెప్పాడు. "చూడాలి మా నాన్న ఆ కుండ వంచడం. మీరిప్పుడు పడుతున్నది ఒక పట్టడమా?" ఇంట్లో అద్దం ముందు నిలబడి తన పళ్ళ మధ్య సందు చూసుకున్నాడు. కట్టుడు పళ్ళని గుర్తొచ్చి నవ్వుకున్నాడు.

షెద్లియా మాత్రం కనపడలేదు. గురువారం ఎండు ఆక్టోపస్ వేసి బార్లీ జావ కాస్తే పిల్లల చేత ఒక గిన్నె పంపడం ఆమెకు అలవాటు. ఆ గురువారం వీధంతా వాసన వచ్చింది గాని గిన్నె రాలేదు.

చూడనివాళ్ళు చాలామంది అడిగారని దలెందా మరుసటి శనివారం కూడా అదే వేస్తానంది. "ఈసారి మెల్లిగా తిప్పుతాను. మూగ సినిమాలు అసలు మెల్లిగానే నడవాలి. సినిమాలో కనపడ్డ వస్తువులు మీ ఇళ్ళలో ఉంటే తెచ్చి బల్ల మీద పెట్టండి" అని అందరికీ చెప్పింది. ఒకరు కుండ తెచ్చారు, ఒకరు గడ్డితాడు తెచ్చారు. టిజానీ బజారుకు వెళ్ళి ఒక గంపెడు ముళ్ళనత్తలు తెచ్చాడు. వాటిని గాలానికి ఎరగా, కూరగా, ఊరికే ఉడికించుకు తినడానికి కూడా కెర్కెన్నా వాళ్ళు వాడతారు. సినిమాలో పడవ అడుగున కుప్పగా పడి ఉన్నవి అవే.

షెద్లియా ఆ వారం వచ్చింది. పక్క కుర్చీలో కూర్చోకుండా రెండు వరుసలు వెనక కూర్చుంది.

బల్ల మీద పెట్టినవి పోను ఒక నత్తగుల్ల టిజానీ చేతిలో ఉండిపోయింది. దాన్ని వేళ్ళతో తిప్పుకుంటూ సినిమా చూస్తున్నాడు. ఆరో నిమిషంలోనో ఏడో నిమిషంలోనో, తెర మీది మనిషి పడవ అడుగు నుంచి ఒక నత్తగుల్ల తీసి అరచేతిలో పెట్టి కెమెరాకు దగ్గరగా చాచి చూపించాడు. క్రితంసారి చెయ్యి చూసే తొందరలో టిజానీ గుల్లను చూడలేదు. ఈసారి సినిమా మెల్లిగా నడుస్తోంది. గుల్ల మొన పైకి ఉంది, నోరు జనం వైపుకి ఉంది.

ఆ నోరు ఎడమపక్కన ఉంది.

టిజానీ తన చేతిలో గుల్లను మొన పైకి పెట్టి చూశాడు. నోరు కుడిపక్కన. మళ్ళీ తెర చూశాడు. ఎడమ. కళ్ళద్దాలు తీసి తుడిచి పెట్టుకున్నాడు. ఈ నత్తల్లోంచి మాంసం తియ్యడానికి వంకర సూది లోపలికి పెట్టి ఒకే వాటంగా తిప్పాలి. నలభై ఏళ్ళు నిద్రలో లేపినా తిప్పగలిగేటట్టు తిప్పాడు. ఆ వాటం తప్పిన గుల్ల అతని చేతికి ఒక్కటీ రాలేదు.

అప్పుడు అర్థమైంది. గుల్ల తిరగబడలేదు, సినిమా తిరగబడింది. సినిమా తిరగబడితే చెయ్యి కూడా తిరగబడ్డట్టే. ఆ తాడు లాగేది కుడిచెయ్యి. ఆ మనిషి మబ్రూక్.

మిగిలిన నాలుగు నిమిషాలూ తెర మీద ఏం జరిగిందో అతనికి తెలియలేదు. నాన్న వారం రోజుల క్రితం వచ్చాడు, ఇప్పుడు వెళ్ళిపోతున్నాడు. వెళ్ళమనాల్సింది తనే. అనకపోతే? హాల్లో ఎవరూ గమనించలేదు. వీళ్ళలో సగంమంది దంత వైద్యులు, బడి పంతుళ్ళు, వాళ్ళకి నత్త నోరు ఎటుంటే ఏం? గుల్లను జేబులో వేసుకుని ఊరుకుంటే సరిపోతుంది. జేబులో వేసుకున్నాడు కూడా. అక్కడ అది తొడకి గుచ్చుకుంటూ కూర్చుంది.

దీపాలు వెలిగాయి. "ఏం చూశారు?" అంది దలెందా.

ఒకావిడ తాడు ముడి గురించి చెప్పింది. ఒక పంతులు నీళ్ళ మీద వెలుగు గీతల గురించి చెప్పాడు. టిజానీ వెనక్కి తిరిగి చూశాడు. షెద్లియా బుట్టను ఒళ్ళో పెట్టుకుని, దాని పిడి మీద రెండు చేతులూ వేసి, ఎటూ చూడకుండా కూర్చుంది. రెండేళ్ళలో ఆమె సినిమా అయ్యాక నోరు విప్పని శనివారం ఇదొక్కటే.

టిజానీ లేచాడు.

"అమ్మాయీ, ఆ పెట్టెలో ఫిల్మ్‌ని తిరగేసి ఎక్కించడం కుదురుతుందా?"

"తిరగేసి అంటే? తలకిందులుగానా?"

"తలకిందులుగా కాదమ్మా. అద్దంలో చూసినట్టు. కుడి ఎడమ అయ్యేట్టు."

దలెందా నవ్వబోయి ఆగిపోయింది. రీలు దగ్గరికి వెళ్ళి ఫిల్మ్ కొసను వెలుగుకి ఎత్తి పట్టుకుంది. "దీనికి రెండంచులా చిల్లులున్నాయి. ఎటు తిప్పి ఎక్కించినా ఎక్కుతుంది. డబ్బాలో ఎలా చుట్టి ఉందో నేనలాగే..." పెన్సిలు కోసం జుట్టు తడుముకుంది. "అలా ఎందుకనిపించింది, టిజానీ గారూ?"

టిజానీ జేబులోంచి గుల్ల తీసి ఆమె చేతిలో పెట్టాడు. "దీని నోరు కుడివైపు. సినిమాలోదాని నోరు ఎడమవైపు."

ఆ మాటకు అర్థమేమిటో ముందుగా తెలిసింది షెద్లియాకే. బుట్ట కింద పెట్టేసి లేచి నిలబడింది.

"సినిమాలోది పుట్టుకతోనే అలాంటిదేమో" అన్నాడు ఒక దంత వైద్యుడు. "మనుషుల్లో ఎడమచేతివాళ్ళు లేరూ?"

"నా చేతుల మీదుగా ఎన్ని వెళ్ళుంటాయో లెక్కలేదయ్యా. అలాంటిది ఒక్కటి కూడా రాలేదు."

"మీకు రాలేదని అసలు లేవనలేం కదా, టిజానీ గారూ. చాలా అరుదుగా ఉంటాయి" అంది దలెందా. అప్పటికే ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. "ఒక్క గుల్లతో తేలదు. పడవలో కుప్ప ఉంది కదా, పదండి."

ప్రొజెక్టర్ ఆపి పట్టి ఉంచితే వేడికి ఫిల్మ్ కాలిపోతుందట. అందుకని రీలు విప్పి, కింద దీపమున్న గాజుబల్ల మీద ఫిల్మ్‌ని పట్టీలా పరిచింది. డబ్బాలోంచి ఎలా వచ్చిందో అలాగే, ఏ ముఖం పైకో మార్చకుండా. అందరూ బల్ల చుట్టూ మూగారు. భూతద్దం ముందు టిజానీకి ఇచ్చింది.

"నాకొద్దు. ఆవిడకివ్వు. నేను చూస్తే నా కళ్ళ మీద నాకే నమ్మకం లేదు."

షెద్లియా కళ్ళద్దాలు నెత్తి మీదకి నెట్టి, భూతద్దానికి కన్ను ఆనించింది. ఆ బొమ్మలు ఒక్కొక్కటీ గోరంత ఉన్నాయి. చాలాసేపు చూసింది.

"ఒకటి, ఎడమ" అంది. "రెండు, ఎడమ. దీనికి నోరు కనపడ్డంలేదు, వదిలెయ్యి. మూడు, ఎడమ. నాలుగు... మీద చెయ్యి పెట్టకండయ్యా, వెలుగు పోతోంది. నాలుగు, ఎడమ."

నోరు కనపడేవి ఏడున్నాయి. ఏడూ ఎడమే. దంత వైద్యుడు కూడా వంగి లెక్కపెట్టి చూసుకుని, బల్ల మీదున్న గంపలోంచి గుప్పెడు తీసి వాటిని కూడా లెక్కపెట్టాడు. అన్నీ కుడి. ఇంక ఒప్పుకోక తప్పలేదు.

"తప్పు నాది" అంది దలెందా అందరితో. "రీలు ఎటు చుట్టి ఉందో చూసుకోకుండా ఎక్కించాను. వారం వారం మిమ్మల్ని ఏం చూశారని అడిగేదాన్ని, నేనే చూడలేదు."

ఎవరూ ఇళ్ళకు వెళ్ళలేదు. దలెందా ఫిల్మ్ తిరగేసి చుట్టింది, మళ్ళీ ఎక్కించింది. దీపాలు ఆరాయి. టిజానీ తన కుర్చీలో కూర్చున్నాడు. పక్క కుర్చీ కిర్రుమంది. షెద్లియా వచ్చి కూర్చుంది.

మనిషి తాడు అందుకున్నాడు. కుడిచేత్తో.

వింత ఏమిటంటే, అదే సినిమా, అదే మనిషి, అయినా టిజానీకి మొదటిసారి చూస్తున్నట్టే ఉంది. క్రితం రెండుసార్లూ ఆ చెయ్యి అతనికి పరాయిగా, పండగనాటి చుట్టంలా కనపడింది. ఇప్పుడు అది కుండను రెండుసార్లు తట్టి వంచగానే గుర్తుపట్టాడు. ఆరేళ్ళ వయసులో తనకి ఆ తట్టడం నేర్పిన చెయ్యి అదే. తండ్రి పోయిన నాటి నుంచి తన పళ్ళెంలో పెద్ద ముక్క వేసినదీ, వల చింపినందుకు తన ఎడమచెవి మెలేసినదీ అదే. ఎడమచెవి దానంతటదే వెచ్చబడింది.

"నోరు మూసుకుని కూర్చుంటే మీ నాన్నే అయ్యుండేవాడుగా, గాడిదా" అంది షెద్లియా చీకట్లో.

"అయ్యుండేవాడు."

"మరెందుకు చెప్పావ్?"

టిజానీ ఆలోచించాడు. గొప్పగా చెప్పడానికి ఏమైనా ఉందేమోనని వెతికాడు, దొరకలేదు. "గుల్ల తప్పుగా ఉంది. అలా తప్పుగా వదిలేసి ఎలా కూర్చోను?"

షెద్లియా ముక్కు చీదుకుంది. బుట్టలో ఏదో కదిలిన చప్పుడైంది. వెడల్పు మూతి సీసా ఒకటి అతని ఒళ్ళోకి వచ్చింది, ఇంకా వేడిగా ఉంది. బార్లీ జావ.

"గురువారానిది కాదు, ఇవాళ పొద్దున కాశాను. గురువారానిది కోపంలో అంతా నేనే తాగేశాను. రెండు రోజులు కడుపు నొప్పి."

"మంచి పనైంది" అన్నాడు టిజానీ. సీసా మూత తీసి గుక్క తాగి, "ఉప్పు తక్కువ" అన్నాడు.

"మీ పెదనాన్నా అదే మాట అనేవాడు. ఏం, ఆయన నా ఒక్కదానికే నాన్నా? నువ్వు తిన్నన్ని దెబ్బలు ఆయన చేత నేను తిన్నానా?"

టిజానీ సీసా మూత బిగించాడు. సినిమా అయిపోయేదాకా ఆ మనిషి మొహాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఎవరిదో అని వెతకకుండా ఆ మొహాన్ని చూడటం అతనికి అదే మొదటిసారి.

ఆ తర్వాత దలెందాకి ఒక ఆలోచన వచ్చింది. మాటల్లేని సినిమాకి వీళ్ళిద్దరూ తెరకి అటొకరు ఇటొకరు నిలబడి మాటలు చెబితే? మొదటి శనివారం టిజానీ గొంతు సవరించుకుని, "ఇది ఆక్టోపస్ వేట" అన్నాడో లేదో, "అది వాళ్ళకి కనపడుతోందిలే, కనపడనిది చెప్పు" అంది అటుపక్క నుంచి షెద్లియా. జనం విరగబడి నవ్వారు. కుండలో ఎర ఎందుకు పెట్టరో టిజానీ చెప్పాడు. తడి తాడుకి చేతులు కోసుకుపోతే రాత్రి ఆలివ్ నూనె రాసేది తన తల్లేనని, తిట్టేది కూడా తన తల్లేనని షెద్లియా చెప్పింది. సార్డీన్ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది, లోపల గుండీలతో సహా. మే నెలంతా అదే సినిమా నడిచింది. బడిపిల్లలు ఒక్కో బస్సులో వచ్చి, నత్తగుల్లలు తలా ఒకటి చేతిలో పట్టుకుని, ఏది కుడో ఏది ఎడమో చెప్పుకుంటూ వెళ్ళేవాళ్ళు.

జూన్‌లో ఒకరోజు, చెప్పడం మధ్యలో షెద్లియా ఆగిపోయింది. చెయ్యెత్తి తెర మూల చూపించింది.

"ఆపమ్మా దలెందా. కాదు, ఆపితే కాలిపోతుందిగా, పోనీ మళ్ళీ తిప్పు. అక్కడ నీళ్ళ మీద నీడ పడింది చూశారా? పడవ వెనక నుంచి."

మళ్ళీ తిప్పితే అందరికీ కనపడింది. ఎండకి నీళ్ళ మీద ఒక పొడుగాటి నీడ, దాని పక్కన సన్నటి కర్ర నీడ. నాలుగు క్షణాలుండి పోయింది.

"పడవకి గడ వేసి తోసే మనిషిది ఆ నీడ" అంది షెద్లియా. "మా నాన్న ఒక్కడే వేటకి ఎప్పుడెళ్ళాడు? ఒకడు కుండలు లాగితే రెండోవాడు గడేసేవాడు. అది ఖలీఫా బాబాయి. టిజానీ, మీ నాన్నరా."

హాలంతా టిజానీ వైపు తిరిగింది. అతను తెర దగ్గరికి వెళ్ళి, కళ్ళద్దాలు సర్దుకుని, నీడ పోయిన చోటునే చూశాడు. మొహం గంభీరంగా పెట్టాడు.

"సినిమాపెట్టెవాడి నీడ కావచ్చు. ఆ కర్ర పెట్టె కింద కాలు కావచ్చు" అన్నాడు.

"పెట్టెకి మూడు కాళ్ళుంటాయి. అక్కడ ఒక్కటే ఉంది."

"మిగిలిన రెండూ పడవ చాటున పడుండొచ్చు."

"ఓరి మొండివాడా, నీ నాన్నని నీకిస్తుంటే తీసుకోవేం?"

"ఇవ్వడం కాదు, తేల్చాలి. నీడ పొడుగు ఎంత, ఎండ ఎటునుంచి పడుతోంది, పడవ ఎంత వెడల్పు, ఇవన్నీ చూడాలా వద్దా? ఏమ్మా దలెందా?"

దలెందా అప్పటికే గాజుబల్ల దీపం వెలిగించి, ఒక చేత్తో స్కేలు పట్టుకుని, రెండో చేత్తో బల్లలన్నీ తడుముతోంది.

"పెన్సిలు నీ నెత్తిన ఉందమ్మాయీ" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఆ నీడ ఎవరిదో ఆ రోజు తేలలేదు, తర్వాతి శనివారమూ తేలలేదు. కొలతలు ఒకసారి షెద్లియా వైపు మొగ్గితే ఒకసారి పెట్టెవాడి వైపు మొగ్గాయి. దంత వైద్యుడు ఇంటి నుంచి చిన్న పడవ బొమ్మ ఒకటి చేసి తెచ్చి, దీపం కింద అటూ ఇటూ తిప్పడం మొదలుపెట్టాడు. వాదన ఆగలేదు, మక్రూద్‌లు కూడా ఆగలేదు. సెలవుల్లో మ్యూజియం మూసేముందు చివరి శనివారం, మెట్లు దిగుతూ షెద్లియా అడిగింది.

"నిజం చెప్పు, నీకేమనిపిస్తోంది? మీ నాన్నేనా?"

టిజానీ ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఓడరేవు వైపు చూశాడు. కెర్కెన్నా నుంచి వచ్చే ఓడ లంగరు వేస్తోంది.

"నాకేమనిపిస్తోందని కాదుగా ఆ అమ్మాయి అడిగేది" అన్నాడు. కొంచెం దూరం నడిచాక, "ఆ నిలబడ్డ తీరు మాత్రం బాగుంది" అన్నాడు.